పరగడుపు గోలీ

మా సూపర్వైజర్ నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉంటే ఇన్నాళ్లూ ఆమెను తిట్టుకుంటూ ఉండేదాన్ని కాదేమో. ఉదయం షిఫ్టు ఆడవాళ్లమంతా చేతులు కడుక్కునే తొట్ల ముందు, మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి ఉన్నాం. ఆమె తలుపు దగ్గర నుంచే చెప్పింది.

"నువ్వు లోపలికి రావద్దమ్మా. నీ పరీక్షలో క్రిమి ఉన్నట్టు వచ్చింది. అది పోయేవరకూ ఇక్కడ ఏ వస్తువూ ముట్టుకోకూడదు."

ఆమెది కోస్తా వైపు. ఏ మాటైనా విడివిడిగా, స్పష్టంగా పలుకుతుంది. ఆ రోజు ఆ స్పష్టత వల్ల గది చివర ఉన్నవాళ్లకు కూడా ఒక్క అక్షరం పోకుండా వినబడింది. ఏం క్రిమి అని అడిగాను. సాల్మొనెల్లా అని, మలంలో దొరికిందని చెప్పింది. నా పక్కనున్న ఆమె నీళ్ల కింది నుంచి చేతులు తీసుకుని అవతలి తొట్టి దగ్గరకు పోయింది. రోజూ నా డబ్బాలోని కూర సగం తినే మనిషి ఆమె.

నేను పని చేసేది విమానాల్లో పెట్టే భోజనం తయారయ్యే వంటశాలలో. శంషాబాద్ నుంచి విమానాశ్రయం వైపు పోయే దారిలో, సరుకుల గోదాముల వరుసలో ఉంటుంది. నాది చల్లటి విభాగం. పండ్ల ముక్కలు, పచ్చి కూరగాయలు, పెరుగు గిన్నెలు ట్రేలలో సర్దే లైను. వండినది పొయ్యి మీద నుంచి వస్తుంది కాబట్టి అందులో ఏమున్నా చస్తుందని, మా చేతుల మీదుగా పోయేదానికి ఆ భరోసా లేదని చేరిన మొదటి రోజే చెప్పారు. ఆ మాట నేను మనసుకు పట్టించుకున్నాను. గోళ్లు పెరగనిచ్చేదాన్ని కాదు. గాజులు తీసి ఇంట్లో పెట్టి వెళ్లేదాన్ని. దాని మీద మా అత్త ఎన్నిసార్లు ముఖం తిప్పుకుందో లెక్కలేదు. కొత్తగా చేరినవాళ్లకు వేళ్ల సందుల్లో ఎలా రుద్దుకోవాలో, గ్లౌజులు ఎలా తీయాలో చూపించమని ఇదే సూపర్వైజర్ నాకే అప్పగించేది. అలాంటి దాన్ని ఆ రోజు నురగ కడుక్కుని, చేతులు ఎక్కడ తుడుచుకోవాలో కూడా తెలియక, కొంగుతోనే తుడుచుకుని బయటికొచ్చాను. గేటు దాకా వచ్చాక వెనక్కి చూస్తే ఒకతను మాస్కు కట్టుకుని నా లాకరు మీద మందు చల్లుతున్నాడు.

అంతకు ముందు జరిగింది చెప్పాలి.

మా ఆయన విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతాడు. ఆయన చిన్నాయన కొడుకు కొత్తూరులో ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో దావత్ ఇస్తే అందరం పోయాం. బగారా అన్నం, కోడికూర, గుడ్లు. ఎండాకాలం, షామియానా కింద గిన్నెలు చాలాసేపు అలాగే ఉన్నాయి. మా ఆయన నాకంటే ఎక్కువే తిన్నాడు. పిల్లలు తిన్నారు. అరవై దాటిన మా అత్త కూడా ఎముకలు పీల్చి మరీ తిన్నది. మర్నాటికి ఎవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం చలిజ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని విరేచనాలు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి.

"అందరం తిన్నం గదా. నీకొక్కదానికే ఎందుకైతది?" అన్నాడు మా ఆయన. ఆయన అనుమానంతో అనలేదు, ఆశ్చర్యంతోనే అన్నాడు. కానీ ఆ ప్రశ్నను మా అత్త పట్టుకుంది. దావత్ ఇచ్చినవాళ్ల పరువు పోకూడదని, నాకు వచ్చింది వాళ్లింటి తిండి వల్ల కాదని, ఎయిర్‌పోర్టు వంటశాలలో ఏదో ముట్టుకుని నేనే తెచ్చుకున్నానని చుట్టాలందరికీ ఫోన్లో చెప్పింది. గోడ అవతల పడుకుని అంతా విన్నాను. లేచి పోయి ఒక మాట అందామంటే కాళ్లలో బలం లేదు.

మా వంటశాలలో ఒక నియమం ఉంది. విరేచనాలు అయినవాళ్లు ఆ సంగతి చెప్పి, పరీక్ష చేయించుకున్నాకే మళ్లీ లైనులోకి రావాలి. చాలామంది చెప్పరు. జ్వరమనో, చుట్టాల్లో ఎవరో పోయారనో అంటారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెప్పినందుకే పరీక్ష జరిగింది, జరిగినందుకే తొట్ల దగ్గర అంతమంది ముందు నిలబడాల్సి వచ్చింది. అబద్ధం చెప్పిన ఆడవాళ్లు లోపల పండ్లు కోస్తుంటే నేను ఆటో కోసం ఎండలో నిలబడ్డాను. ఆ ఆటోలో నా కడుపు కంటే ఎక్కువగా మండింది నా తల.

ఇంటికి వచ్చి చెప్పగానే అత్త వంటగది గడప మీద కూర్చుంది. ఇక నువ్వు లోపలికి రాకు, పిల్లలున్న ఇల్లు అంది. ఆ మాటలో తప్పేమీ లేదని నాకు తెలుసు. కానీ అన్న తీరులో సంతోషం ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ వంటగది నీదా నాదా అని మా ఇద్దరి మధ్య నడుస్తున్న పోరాటంలో ఆమె ఆ రోజు గెలిచింది. నా కంచం, నా గ్లాసు వేరుగా పెట్టింది. నేను తాకిన తలుపు గొళ్లాన్ని చీపురు పుల్లతో జరిపేది. మా ఆయన అన్నీ చూస్తూ ఏమీ అనలేదు. ఏమీ అననందుకు ఆయన మీద కూడా కోపం పెట్టుకున్నాను.

బస్టాండుకు దగ్గర్లో ఒక డాక్టరు ఉన్నాడు. వయసైన మనిషి, మా వైపు యాసలోనే మాట్లాడతాడు. మా ఆయనే తీసుకుపోయాడు. డాక్టరు ఒళ్లు చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. రోజూ మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. ఏం లేవన్నాను. మా ఆయన కూడా ఏం లేవన్నాడు. కాస్త ఆగి, "గ్యాస్ గోలీ ఒక్కటే సార్," అన్నాడు.

డాక్టరు రాసేది ఆపి, ఎప్పటి నుంచి అని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చిన్నవాడు బడికి పోకముందు మొదలైంది. వాడిప్పుడు నా భుజం దాకా వచ్చాడు.

ఆ గోలీ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో అప్పుడు డాక్టరుకు చెప్పాను. చల్లటి గదిలో తడి నేల మీద డబ్బా మోస్తూ జారి పడ్డాను. నడుము పట్టేసింది. ఎముకల దవాఖానలో నొప్పి గోలీలు రాసి, అవి కడుపును కోస్తాయని, కోయకుండా కాపాడటానికి పరగడుపున మింగమని ఇంకో గోలీ రాశారు. నొప్పి తగ్గింది, నొప్పి గోలీలు మానేశాను. కాపాడే గోలీ కూడా మానేద్దామని చూస్తే నాలుగు రోజులు తిరక్కుండానే ఛాతీలో మంట మొదలైంది. పుల్లటి నీళ్లు గొంతులోకి వచ్చేవి. నాకు గ్యాస్ జబ్బు ఉందనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టాను, మంట తగ్గింది. ఇక మానలేదు. మా సందు చివర మెడికల్ షాపుంది. చాయ్‌పత్తి, సబ్బు తెచ్చుకున్నట్టే దాన్నీ తెచ్చుకునేవాళ్లం. మందు అనే అనుకోలేదు. అందుకే డాక్టరు అడిగినప్పుడు ఏం లేవన్నది అబద్ధం కాదు.

ఆ మధ్య కొన్నాళ్లుగా కొంచెం తిన్నా పొట్ట ఉబ్బేది. త్రేన్పులు చెడు వాసనతో వచ్చేవి. గ్యాస్ ఎక్కువైందని సాయంత్రం కూడా ఒక గోలీ వేసుకోవడం మొదలుపెట్టాను. అది కూడా చెప్పాను.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ గోలీ ఏం జేస్తదో తెలుసా నీకు?" అన్నాడు.

గ్యాస్ తగ్గిస్తుంది అన్నాను.

"గ్యాస్ కాదు. కడుపుల ఊరే పులుపును బందు చేస్తది. ఆ పులుపు అన్నం అరగనీకే అనుకుంటరు అందరు. తిండితోని, నీళ్లతోని లోపలికి పోయే పురుగుల్ని చంపేది గూడ అదే. నువ్వు రోజూ పొద్దుగాల లేచి దాన్నే ఆపుతున్నవ్."

తర్వాత ఆయన నిదానంగా వివరించాడు. మామూలు మనిషి కడుపులో పులుపు ఎంత ఘాటుగా ఉంటుందంటే, మింగిన క్రిముల్లో చాలా వరకు అక్కడే చనిపోతాయట. ఈ గోలీ రోజూ పడితే పులుపు పలచబడుతుంది. నోటి నుంచి ఉమ్మితో దిగేవి, తిండితో వచ్చేవి చావకుండా కడుపులోనే నిలిచి పెరుగుతాయి. కిందికి, చిన్న పేగులోకి కూడా పోయి అక్కడ ఉండకూడనంతగా పెరగొచ్చు. మనం తిన్నదాన్ని అవి పులియబెడతాయి, దాంతో పొట్ట ఉబ్బుతుంది. గ్యాస్ తగ్గాలని సాయంత్రం నేను మింగిన గోలీయే నా గ్యాస్‌ను పెంచి ఉండొచ్చన్నాడు. దావత్‌లో అందరి పొట్టలోకీ ఆ క్రిమి కొద్దో గొప్పో పోయి ఉంటుందని, వాళ్ల కడుపులో చచ్చి నా కడుపులో బతికి ఉండొచ్చని అన్నాడు. మొదట మానేసినప్పుడు వచ్చిన మంట కూడా జబ్బు కాదట. ఆ గోలీ అలవాటైన కడుపు, అది ఆగగానే కొన్ని వారాల పాటు మామూలు కంటే ఎక్కువ పులుపు ఊరుస్తుందట. దాన్ని ఓర్చుకుంటే పోయేది.

వింటుంటే నాకు ఊరట కలగలేదు, ఒళ్లు మండింది.

"మరి దవాఖానోళ్లే ఇచ్చిండ్రు గద సార్. మేమేమన్న దొంగతనంగ మింగినమా?" అన్నాను.

"ఇచ్చింది నొప్పి గోలీలతోని. అవి ఆపినంక దీన్ని గూడ ఆపమని ఎవ్వలు చెప్పలేదా?"

"ఎవ్వలు చెప్పలే."

ఆయన తన తోటి డాక్టర్ల మీద ఒక మాట అంటాడేమోనని చూశాను, అనలేదు. అందుకు ఆయన మీద కూడా నాకు కోపమే వచ్చింది. అప్పుడు నాకు కావలసింది అడిగాను. ఇది మురికి వల్ల వచ్చింది కాదని, ఈ గోలీ వల్ల వచ్చిందని ఒక కాగితం మీద రాసివ్వమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. క్రిమి తిండితోనే వచ్చిందని, గోలీ వల్ల దానికి సులువై ఉంటుందని తాను అనుకుంటున్నానని, కానీ గోలీ లేకపోతే నాకు వచ్చేదే కాదని ఒట్టేసి రాయలేనని చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం నాకు ఆ పూట ఎందుకూ పనికి రాలేదు.

ఆ క్రిమికి పెద్దగా మందులు అక్కర్లేదని, ఒంట్లోంచి అదే పోతుందని, పోయేదాకా ఇంట్లో వంట ముట్టవద్దని, చేతులు బాగా కడుక్కోమని చెప్పాడు. చేతులు కడుక్కోవడం ఎలాగో చూపించబోతే నాకు తెలుసన్నాను. నా గొంతు విని మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. గోలీని మాత్రం ముందు సాయంత్రానిది మానేసి, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ ఆపేయమన్నాడు.

లేవబోతుంటే మా ఆయన తన తల్లి గురించి అడిగాడు. మా అత్తకు గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబడే గోలీలతో పాటు ఇదే గ్యాస్ గోలీ ఆమె కూడా మింగుతుంది. ఆమెది ఆపవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రక్తం గోలీల వల్ల కడుపులో పుండు పడి నెత్తురు పోయే ప్రమాదం ఉంటుందని, ఆమెకు ఈ గోలీ కావలసిందేనని, అది అందరికీ చెడ్డదని తాను అనలేదని చెప్పాడు. అవసరం తీరినా మింగుతూ పోవడమే చెడ్డదన్నాడు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే అత్త నమ్మలేదు. తనను మింగమని నేను మానుకోవడంలో ఏదో మతలబు ఉందనుకుంది. "నాకైతే పురుగులు పెరిగినా ఏంగాదా? నన్నెందుకు మింగమంటున్నవ్?" అని ఆ పూట గోలీ తీసి కిటికీలో పెట్టింది. అది ఆమె చేత మింగించడానికి మా ఆయన అరగంట బతిమిలాడాడు. మంచం మీద కూర్చుని ఆ బతిమిలాటంతా చూశాను. తల్లికి ఇన్ని మాటలు చెప్పగలిగిన మనిషి, గొళ్లాన్ని చీపురుపుల్లతో జరిపిన రోజు ఒక్క మాట చెప్పలేకపోయాడు.

మర్నాడు సందు చివరి మెడికల్ షాపుకు పోయాను. ఆ షాపతను మా పుట్టింటి పక్క ఊరివాడు. నన్ను అక్కా అంటాడు. వాళ్ల పొలం ప్లాట్లయిపోయాక ఇక్కడికొచ్చి షాపు పెట్టాడు. కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగాల్సింది, ఆగలేదు. ఇన్నేళ్లు చీటీ లేకుండా ఈ గోలీ ఎట్లా ఇచ్చావు, ఎందుకు వేసుకుంటున్నావని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు అని అడిగాను.

అతను ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ముఖం బిగించాడు.

"నేను ఇయ్యనంటే ఊకుంటుంటివా అక్కా? ఎదురుంగ ఉన్న షాపుల తెచ్చుకుంటుంటివి. పైంగ నన్నే నాలుగు తిడుతుంటివి."

నిజంగా అలాగే చేసేదాన్ని. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. నీకు తెలిసి ఇచ్చినట్టా తెలియక ఇచ్చినట్టా అన్నాను. తెలియదన్నాడు, డాక్టర్లే అందరికీ రాస్తారు కదా అన్నాడు. పక్కనున్న ఇద్దరిలో ఒకతను తాను తీసుకున్న పొట్లంలోకి తొంగిచూసుకున్నాడు. ఆ తర్వాత నేను ఆ షాపుకు పోలేదు. అతను దారిలో కనబడితే ఫోన్ చూసుకుంటాడు.

గోలీ మానడం చెప్పినంత తేలిక కాలేదు. రోజు విడిచి రోజు వేసుకున్నప్పుడే మంట మొదలైంది. పూర్తిగా ఆపాక ఛాతీ వెనక నిప్పుల కుంపటి పెట్టినట్టుండేది. వంగి బట్టలు పిండితే పుల్లటి నీళ్లు ముక్కులోకి వచ్చేవి. ఒకరు చల్లటి పాలు తాగమన్నారు, ఒకరు వాము నమలమన్నారు, ఒకరు పొద్దున్నే నిమ్మరసం అన్నారు. అందరికీ నా కడుపు మీద ఒక అభిప్రాయం ఉంది. డాక్టరు మాత్రం మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమని, పొద్దుగూకకముందే తినమని, చాయ్ తగ్గించమని, మరీ ఓర్చుకోలేకపోతే మాత్రం తన దగ్గరికి రమ్మని చెప్పాడు. చాయ్ తగ్గించడం మంట కంటే కష్టమైంది. తలనొప్పితో పిల్లల మీద అరిచేదాన్ని.

"ఒక్కటి మింగితే పోతది గద. ఎందుకు నీకు గింత పంతం?" అంది అత్త ఒక రోజు.

పంతమే. డాక్టరు చెప్పినందుకు కాదు, పంతం మీదే మానాను. ఆ కడుపును చూపించి నన్ను పదిమందిలో నిలబెట్టారు. ఆ కడుపును మళ్లీ నా చేతిలోకి తెచ్చుకోవాలనిపించింది. కొన్ని వారాలకు మంట సన్నబడింది. ఒక పూట అన్నం తిన్నాక చాలాసేపటికి గమనించాను, పొట్ట ఉబ్బలేదు. చీర కుచ్చిళ్లు వదులు చేసుకోలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో చెప్పుకునే వాతావరణం లేదు.

పరీక్షలో క్రిమి లేదని మళ్లీ మళ్లీ తేలాక వంటశాలకు తిరిగి వెళ్లాను. నా చోట కొత్త మనిషి ఉంది. నన్ను ట్రాలీలు కడిగే చోటికి పంపారు. విమానాల నుంచి తిరిగివచ్చిన ఎంగిలి ట్రేలు, ఒలికిన పులుసులు, పిల్లలు కక్కితే తుడిచిన గుడ్డలు వచ్చేది అక్కడికే. వేడినీళ్ల ఆవిరిలో ఊపిరి ఆడదు. పరీక్ష బాగుంది కదా, నా లైనుకు ఎందుకు పంపరని సూపర్వైజర్ గదికి పోయి అడిగాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. మురికి వల్ల కాదని, గోలీ వల్ల నా కడుపులో క్రిమి చావలేదని, ఇప్పుడు ఆ గోలీ మానేశానని చెప్పాను. ఇద్దరు అసిస్టెంట్లు కంప్యూటరు ముందు కూర్చుని చెవులు ఇటే పెట్టారు.

ఆమె చివరిదాకా విన్నది. "నువ్వు ఏ మాత్రలు వేసుకుంటావో అది నీ సొంత విషయం. నా లైనులో ప్రయాణికులకు ఏమైనా అయితే సమాధానం చెప్పేది నేను. మీ ఇళ్లల్లో నీళ్లు, తిండి ఎలా ఉంటాయో నాకు తెలియదు కదా," అంది.

మీ ఇళ్లల్లో. అక్కడ ఆగిపోయింది నా ఓర్పు. ఆమె బల్ల మీద, నీళ్ల సీసా పక్కన, సగం అయిపోయిన గోలీల పట్టీ ఉంది. రంగు చూసే గుర్తుపట్టాను. అన్నేళ్లు నా తలగడ కింద ఉన్నదే.

"గదేంది మేడం?" అన్నాను.

ఆమె చూసింది. నేను కూడా చూస్తూనే ఉన్నాను. "నాకు డాక్టర్ రాశారు," అంది.

"నాకు గూడ డాక్టరే రాసిండు."

అసిస్టెంట్లలో ఒకతను గట్టిగా దగ్గాడు. ఆమె ఆ పట్టీని సొరుగులో వేసి, సొరుగు మూసి, నన్ను బయటికి పొమ్మంది. గొంతు పెంచలేదు. పోతూ పోతూ, ఈ షిఫ్టులో పరగడుపున ఇది మింగి వచ్చేవాళ్లు ఎందరున్నారో అడగండి, వాళ్లందరినీ కూడా ట్రాలీలకు పంపండి అన్నాను. ఆమెకు ఆ గోలీ నిజంగా అవసరమేమో నాకు తెలియదు. మా అత్తలాగా గుండె జబ్బే ఉందేమో. ఆ క్షణంలో అది ఆలోచించలేదు, ఆలోచించినా ఆగేదాన్ని కాదు.

ఆ మాట బయటికి పాకింది. నేను అనుకున్నట్టు కాదు. మా కంపెనీకి వచ్చే డాక్టరమ్మ తర్వాతి ఆరోగ్య పరీక్షల్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, రోజూ గ్యాస్ గోలీ వేసుకుంటున్నారా, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగడం మొదలుపెట్టింది. వేసుకుంటున్నామంటే పని పోతుందేమోనని ఆడవాళ్లంతా హడలిపోయారు. ఎవరి పనీ పోలేదు. కొందరికి అక్కర్లేదని చెప్పి ఎలా ఆపాలో చెప్పింది, కొందరిని వాడమంది. కానీ ఆ భయానికి కారణం నేనని అందరికీ తెలిసిపోయింది. చాలామంది అబద్ధం చెప్పి లేచి వచ్చారట. భోజనాల గదిలో నేను కూర్చుంటే ఆ బల్ల మీదివాళ్లు డబ్బాలు మూసుకుని లేచేవారు. క్రిమి ఉందని దూరం జరిగినప్పుడు కొందరైనా ముఖం చాటేసి జరిగారు. ఇప్పుడు నా ముఖంలోకి చూసే జరిగారు.

ఒకప్పుడు నా డబ్బాలో కూర తిన్న ఆమె ఒక రోజు బట్టలు మార్చుకునే గదిలో ఎదురైంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మాట్లాడింది.

"నీకైంది నీకైంది. మా అందరి పేర్లు ఎందుకు ఎక్కిచ్చినవ్? నాకు ఇద్దరు పిల్లలు. నా పని పోతే నువ్వు పెడ్తవా?"

నేను ఎవరి పేరూ చెప్పలేదన్నాను.

"చెప్పకున్నా అంతే," అని లాకరు తాళం వేసుకుని పోయింది.

ట్రాలీల దగ్గర కొన్ని నెలలు చేశాను. పై మేనేజరు ఒకాయన ఉన్నాడు, తెలుగు రాదు. వచ్చీరాని హిందీలో నా సంగతి చెప్పుకుంటే విని, పరీక్షల ఫలితాలు చూసి, నన్ను బేకరీ వైపు మార్చాడు. అక్కడ సూపర్వైజర్ వేరు. సన్నగా, నిద్రమొహంతో ఉండే మనిషి, పని తప్ప ఏదీ అడగడు. అతని కింద రొట్టెలు పొట్లాల్లో వేసి అంచులు మూస్తాను. నా పాత లైను అద్దాల గోడకు అవతల కనిపిస్తుంది. ఆ సూపర్వైజర్ నాకు క్షమాపణ చెప్పలేదు, చెప్పదు. నడవాలో ఎదురైతే ఇద్దరం గోడ వైపుకు జరుగుతాం. మొన్నొక రోజు లిఫ్టులో ఇద్దరమే పడ్డాం. పైకి పోయేదాకా ఆమె అంకెల వైపు, నేను నా చెప్పుల వైపు చూశాం. తలుపు తెరుచుకోగానే ఆమె ముందు దిగింది. నేనూ దిగాల్సింది అక్కడే, కానీ తలుపు మూసుకునేదాకా ఆగి, ఇంకో అంతస్తు పైకి పోయి, మెట్ల మీదుగా కిందికి దిగి నా పనికి పోయాను.